రన్‌లో స్టీలు గ్లాసులు పెట్టి నేను పడ్డ పాట్లు

పోయినేడు బెజవాడలో మా రన్నర్స్ గ్రూప్ పెట్టిన 10కె రన్‌కి నీళ్ళ డ్యూటీ నాకు పడింది. 2000 మంది, ఇందిరాగాంధీ స్టేడియం దగ్గర స్టార్టు, దారిలో మూడు చోట్ల నీళ్ళు. అంతకుముందేడు రన్ అయ్యాక బందరు రోడ్డు పక్కన సగం తాగి పడేసిన బాటిళ్ళు ఏరింది నేనే, గోతాలకి గోతాలు, ఆ కసితో ఈసారి బాటిలన్నదే వద్దని మీటింగులో నోరు జారాను, అయితే నువ్వే చూస్కో అన్నారు.

అసలు తలనొప్పి నీళ్ళు కాదు, స్పాన్సర్. ఆయన లేబుల్ వేసిన 200 ఎమ్మెల్ బాటిళ్ళు ఫ్రీగా ఇస్తానంటాడు, ఊరికే వచ్చేదాన్ని వద్దనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ప్లాస్టిక్ బ్యాన్ కదండీ అంటే "2022 జులై 1 నుంచి ఆపింది కప్పులు, ప్లేట్లు, స్ట్రాలండీ, బాటిళ్ళు ఆ లిస్టులో లేవు" అన్నాడు. నిజమే, లేవు. చివరికి నీళ్ళ పాయింట్ల దగ్గర ఆయన పేరుతో గుడ్డ బ్యానర్లు కడతామంటే దిగొచ్చాడు. పేపర్ కప్పులు పెడదామని ఇంకొకరు, వాటి లోపలా పల్చగా ప్లాస్టిక్ పూత ఉంటుంది, పాత పేపర్లు కొనేవాళ్ళు కూడా ముట్టుకోరు. మా కుర్రాడొకడైతే 2019 లండన్ మారథాన్‌లో సముద్రపు నాచుతో చేసిన బుల్లి సంచుల్లో డ్రింక్ ఇచ్చారంట, సంచితో సహా మింగేయొచ్చంట అని ఫోన్ చూపించాడు. బానే ఉంది గానీ మన బడ్జెట్‌కి టెంట్ హౌసే దిక్కు.

1200 స్టీలు గ్లాసులు అద్దెకి తెచ్చాం, పాయింటుకి 400. మనిషికి 200 ఎమ్మెల్ లెక్కన ఒక్కో పాయింటుకి 400 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు 20, ఒలికేదానికి ఇంకో 5. ఒక టబ్బులో సబ్బు నీళ్ళు, రెండు టబ్బుల్లో మంచినీళ్ళు, కడగడానికి నలుగురు.

గ్లాసులు సమానంగా పంచడమే నేను చేసిన తప్పు. మొదటి పాయింటు రెండో కిలోమీటర్లో, అక్కడికి జనం ఇంకా విడిపోలేదు, ఒకేసారి మీదపడ్డారు, పది నిమిషాల్లో గ్లాసులన్నీ సబ్బు నీళ్ళలోనే ఉన్నాయి. ఒకాయన నురగ కారుతున్న గ్లాసే లాక్కుని నీళ్ళు పట్టేసుకున్నాడు, "సార్ సబ్బు" అనేలోపే సగం తాగేశాడు పాపం. మూడో పాయింటులో ఏమో మనోళ్ళు గ్లాసులు బోర్లించుకుని కబుర్లు. మొదటిదానికి 700 పెట్టి చివర 200 పెడితే సరిపోయేది.

టిఫిన్ విస్తరాకుల్లో పెట్టాం, దానికి గొడవేం రాలేదు. టెంట్ హౌస్ ఆయన మాత్రం ఒక్కో గ్లాసూ లెక్కపెట్టి 37 తగ్గాయని డబ్బులు పట్టుకున్నాడు. చేతిలో గ్లాసుతోనే ఫినిష్ దాకా పరిగెత్తినోళ్ళని నేనే చూశా, ఏమంటాం. వారం తర్వాత మా ఆవిడ బండి డిక్కీలోంచి ఒకటి తీసి "ఇదెవరిదండీ" అంది.