కుడి వెనక చక్రం: మా ట్రెయిలర్ టైరు ఎందుకు తింటోందో తెలుసుకున్న వైనం

మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. మూడేళ్ల కిందట 24 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్, అంటే బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు కొన్నాం. దాని కింద ఒకదాని వెనక ఒకటి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. పిల్లల సెలవులన్నీ దాంట్లోనే గడుస్తాయి. అందుకే దాని టైరు పాడైతే నాకు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు ఉంటుంది.

పోయిన వసంతంలో టెక్సాస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ అనే లోయ నుంచి బయలుదేరేముందు, చక్రాల కింద చెక్కలు తీద్దామని వంగాను. కుడివైపు వెనక టైరు మీద చెయ్యి పడింది. బయట అంచున ట్రెడ్, అంటే టైరు మీది గాళ్లు, బాగానే ఉంది. చెయ్యి లోపలి అంచుకి పోనిస్తే బోడిగా, నున్నగా తగిలింది. పైనుంచి చూస్తే అసలు తెలియదు. ఇంటికి 300 మైళ్లకు పైనే ఉంది. స్టెప్నీ వేసుకుని నెమ్మదిగా వచ్చేశాం.

టైర్ల షాపులో "గాలి తక్కువై ఉంటుంది, మార్చేస్తే సరిపోతుంది" అన్నారు. కుడివైపు రెండూ కొత్తవి వేయించాను. వేసవిలో హాట్ స్ప్రింగ్స్, బిగ్ బెండ్ వెళ్లొచ్చాక చూస్తే వెనక టైరు మళ్లీ అదే చోట అరిగింది. కొత్త టైరు రెండువేల మైళ్లు కూడా తిరగలేదు. నిజంగా భయమేసింది. ట్రెయిలర్‌లో టైరు పేలితే ఊడిన రబ్బరు చక్రం పైనున్న నేలని, పైపుల్ని చీల్చేస్తుంది. హైవే మీద వెనకాల వచ్చేవాళ్లకీ ప్రమాదమే.

మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల పని చేశాడు. వీడియో కాల్ చేసి టైరు చూపించాను.

"ఒరేయ్ నాన్నా, గాలి తక్కువైతే రెండంచులూ అరుగుతాయి. ఎక్కువైతే నడుమ అరుగుతుంది. ఇది ఒక్క పక్కే తింటోంది. నాలుగింట్లో ఎన్ని చక్రాలకి ఇలా ఉంది?"

"ఒక్కదానికే మావయ్యా."

"అయితే గాలి మాట వదిలెయ్. ట్రెడ్ మీద అడ్డంగా నిమిరి చూడు, అటూ ఇటూ."

నిమిరాను. లోపలి నుంచి బయటికి వెళ్తే చెయ్యి జారిపోయింది. బయటి నుంచి లోపలికి వస్తే ప్రతి పట్టీ అంచూ రంపంలా వేళ్లకి గీసుకుంది. అది వినగానే మావయ్య, "చక్రం ముక్కు బయటికి తిరిగింది, పక్కకి ఈడ్చుకుంటూ పోతోంది" అన్నాడు. ముక్కు అంటే చక్రం ముందు అంచు. అయినా తన మాట పట్టుకుని ఖర్చు పెట్టొద్దనీ, ఒక్కొక్కటే కొలిచి చూసుకోమనీ చెప్పాడు.

ముందు ట్రెడ్ లోతు కొలిచే గేజ్ కొన్నాను. ఇక్కడ దీన్ని అంగుళంలో 32వ వంతుల్లో కొలుస్తారు. ఆ టైరుకి బయట 7, నడుమ 6, లోపల 3 వచ్చింది. మిగతా మూడింటికీ మూడు చోట్లా దాదాపు ఒకే లెక్క.

తర్వాత బరువు. మా టైర్ల సైజు ఎస్‌టీ 205/75 ఆర్14, బరువు మోసే తరగతి లోడ్ రేంజ్ సి. 50 పీఎస్ఐ గాలితో ఒక్కోటి 1,760 పౌండ్లు మోస్తుంది, నాలుగూ కలిపి 7,040. బియ్యం, కుక్కర్లు, నీళ్లు, గ్యాస్ అన్నీ ఎక్కించి, ప్రయాణానికి వెళ్లేటట్టే హైవే మీద ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ అనే లారీల తూకం ఎక్కించాను. ట్రెయిలర్ ఇరుసుల మీద 6,180 పౌండ్లు వచ్చింది, టైర్లు మోసేదానికి లోపే. ఇది చూడటం చాలా ముఖ్యం. ఎందుకంటే చాలా ట్రెయిలర్ల ఇరుసు గొట్టాన్ని నడుమ కొంచెం పైకి వంచే తయారుచేస్తారు. బరువు మీరితే ఆ వంపు పోయి చక్రాల తలలు లోపలికి వాలతాయి, లోపలి అంచులు అరుగుతాయి. కాకపోతే అప్పుడు రెండువైపులా అరగాలి. మాకు ఒక్కవైపే.

ఒక శనివారం పొద్దున్నే ట్రెయిలర్‌ని ఇంటి ముందు సిమెంటు నేల మీద పెట్టి, ఎడమ చక్రాలకి అడ్డు చెక్కలు బిగించి, కుడివైపు లేపాను. జాకీ ఇరుసు గొట్టం కింద పెట్టకూడదు, గొట్టమే వంగొచ్చు. ఫ్రేమ్ కింద పెట్టాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్‌లో వదులు ఏమీ తెలియలేదు. చేత్తో తిప్పితే రిమ్ ఎక్కడా వంకర ఆడలేదు, అంటే రిమ్ బాగానే ఉంది. కమాన్ పట్టీల దగ్గర నైలాన్ బుష్‌లు కొంచెం అరిగాయి గానీ ఇంత టైరు తినేంత కాదు.

ఇరుసు మొత్తం పక్కకి జరిగిందేమోనని, ముందు, లాగే బండి కొక్కెం బాల్ కూర్చునే చోటి నుంచి కుడి చక్రం నడుమకి, ఎడమ చక్రం నడుమకి టేపు పట్టాం. టేపు ఆ చివర మా ఆవిడ పట్టుకుంది. మూడుసార్లు కొలిచాం. తేడా 1/8 అంగుళం లోపే, ఫర్వాలేదు. అంటే ఇరుసు తన చోటే ఉంది.

ఇక మిగిలింది చక్రం ముక్కు సంగతి. వెనక ఇరుసు చక్రాలు రెండింటినీ వంతులవారీగా లేపి, టైరు నడుమ సుద్ద పూసి, మేకు ఆనించి చక్రం తిప్పితే సన్నటి గీత పడింది. దించాక బండిని నాలుగడుగులు ముందుకి లాగాను, టైర్లు సహజంగా సర్దుకోవాలి కదా. అప్పుడు ఒక్కో గీత మీంచి, చక్రానికి ముందొకటి, వెనకొకటి బరువు కట్టిన దారం వేలాడదీసి నేల మీద చుక్కలు పెట్టాను. ముందు చుక్కల మధ్య దూరం, వెనక చుక్కల మధ్య దూరం కొలిస్తే ముందు 3/8 అంగుళం ఎక్కువ, అంటే ముక్కు బయటికి తిరిగిందన్నమాట. అదే పని ముందు ఇరుసుకి చేస్తే తేడా 1/16 మాత్రమే. నేల మీద ఆ చుక్కలు చూస్తుంటే గుండె తేలికైంది.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది విచిటా ఫాల్స్‌లో పెట్రోలు కోసం కుడివైపు ఇరుగ్గా తిరిగినప్పుడు ఆ వెనక చక్రం ఫుట్‌పాత్ గట్టు ఎక్కి దబ్బున దిగింది. పిల్లలు కూడా ఉలిక్కిపడ్డారు. దిగి చూస్తే గీత కూడా లేదు. ఆ దెబ్బకి ఇరుసు కుడి చివర వెనక్కి వంగి ఉంటుంది. చివర వెనక్కి పోతే చక్రం ముక్కు బయటికి తిరుగుతుంది. ముందు ఇరుసు బండిని తిన్నగా నడిపిస్తుంటే, ఈ ఒక్క చక్రం పక్కకి రుద్దుకుంటూ వస్తోంది.

మా ట్రెయిలర్ ఇరుసుకి కారులో లాగా అలైన్‌మెంట్ సర్దే బోల్టులు లేవు. పెద్ద ట్రక్కుల ఇరుసులు సరిచేసే షాపు వెతికి నా కొలతల కాగితం తీసుకెళ్లాను. వాళ్లు లేజర్‌తో చూసి అదే చోటు చెప్పారు. ఇరుసుని గొలుసుతో కట్టి, వేడి చేయకుండానే హైడ్రాలిక్ జాకీతో కొంచెం కొంచెంగా వంచుతూ, ప్రతిసారీ కొలుస్తూ రెండు గంటల్లో ఆ తేడాని 1/16 అంగుళానికి తెచ్చారు. ఆ పని చేసిన షాపు పెద్దాయన ఓపిక చూస్తే మావయ్యే గుర్తొచ్చాడు.

మళ్లీ కొత్త టైరు వేసి, 50 మైళ్లు వెళ్లాక నట్లు టార్క్ రెంచ్‌తో ఇంకోసారి బిగించాను. దసరాకి పాలో డ్యూరోకే వెళ్లొచ్చాం. ఇప్పటికి 1,400 మైళ్లు. నిన్న సాయంత్రం గేజ్ పెడితే బయట 8, నడుమ 8, లోపల 8. ఫొటో తీసి మావయ్యకి పంపాను. వెంటనే ఫోన్ చేసి, "మిగతా మూడూ కొలిచావా?" అన్నాడు.