వాసెన గుడ్డ నీడ

వంటింటి అటక మీద నుంచి దింపిన పాత ఊరగాయ జాడీనీ, దాని మూతికి ఏటేటా వాసెన కడుతూ వచ్చిన గుడ్డనూ కిటికీ పక్కన పీట మీద పెట్టి, ఈ రోజంతా వాటి బొమ్మ వేస్తూ గడిపాను. మొదట పక్కన స్టీలు కాఫీ ఫిల్టరు కూడా ఉంచాను గానీ, దాని తళుకు జాడీ మీద చూపు నిలవనివ్వకపోవడంతో కాసేపటికే తీసేశాను. "అంచు పెచ్చూడిన జాడీయే దొరికిందా అమ్మాయ్, లోపల మంచిది ఉందిగా" అన్నారు అత్తయ్య. నాకు కావలసింది ఆ పెచ్చూడిన చోటే.

జాడీ పై సగం ముదురు గోధుమ రంగు, కింది సగం మీగడ తెలుపు. రెండూ కలిసే గీత దూరానికి తిన్నగా కనిపిస్తుంది గానీ, దగ్గరగా చూస్తే గోధుమ రంగు పూత బట్టీలో కరిగి, కిందికి జారబోయి ఆగిన చోటల్లా చిన్న చిన్న వంపులున్నాయి. ఆ నునుపు మీద కిటికీ ఊచలు వంగిన తెల్లటి చారలుగా పడుతున్నాయి. తెలుపే అనుకున్న ఆ చారల అంచున సన్నగా ఆకాశపు నీలం ఉంది. పెచ్చూడిన చోట మాత్రం మెరుపు లేదు, పడిన వెలుగును లోపలి మట్టి తాగేస్తోంది. అందుకని నున్నటి భాగమంతా పలుచటి యాక్రిలిక్ పూతలతో వేసి, ఆ పెచ్చు కోసం జెస్సోలో (రంగులకు అడుగుపూతగా వేసే తెల్లటి పూతలో) చిటికెడు ముగ్గుపిండి కలిపి చాకు కొసతో మెత్తాను. ఇటలీలోని బొలోన్యాలో ఏళ్ల తరబడి అవే సీసాలనూ కూజాలనూ చిత్రించిన జార్జియో మొరాండీ (1890–1964) మెరుపు పోవడానికి కొన్ని సీసాలకు రంగు పూసేవాడట. ఆయన పట్ల నాకు ఎంత గౌరవమున్నా, ఆ పని మన జాడీకి నప్పదు. మెరుపు తీసేస్తే దాని గరుకుదనానికి విలువ ఉండదు.

గుడ్డ విషయంలో ఆలోచన వేరేగా సాగింది. దాన్ని రంగుతో వేయడం కంటే గుడ్డనే అతికించడం న్యాయమనిపించింది. 1912లో పికాసో అండాకారపు క్యాన్వాస్ మీద పేము అల్లిక ముద్రించిన ఆయిల్‌క్లాత్‌ను అతికించి, చుట్టూ తాడు బిగించాడు. అక్కడ అల్లిక కూడా అచ్చు వేసినదే గాని నిజమైన పేము కాదు. నా దగ్గర ఉన్నది మాత్రం అసలు గుడ్డే, అందులో ఇంకిన నూనెతో సహా. నూనె ఉంటే జిగురు పట్టదు కనుక దానిని వేడినీళ్లలో సబ్బుతో రెండు సార్లు ఉతికాను. జిడ్డు వదిలింది, కారం మరక మాత్రం లేత ఎరుపుగా మిగిలింది. పసుపు మరక ఎండకు వెలిసిపోతుందన్నది ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే కాబట్టి, ఆ మేర ముందుగానే పచ్చటి ఓకర్ రంగు అద్దాను. నేను ముడి వేసిన తీరు చూసి అత్తయ్య ఊరుకోలేదు. "వాసెన అలా కడతారా?" అంటూ జాడీ మెడ చుట్టూ పురికొసను రెండు చుట్లు తిప్పి, గుడ్డ కుచ్చులను ఒక్కొక్కటిగా లాగి సర్దారు. ఊహించి వేసి ఉంటే ఆ కుచ్చులు నాకు ఎన్నటికీ వచ్చేవి కావు. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గుడ్డను తడిపి, అదే తీరున బోర్డు మీద మడతలు పెట్టాను. ఆరాక అవి గట్టిపడి నిలిచాయి.

వెనుక గోడ కోసం పాత క్యాలెండర్ కాగితాలు చించి అతికించి, మీద పలుచగా తెలుపు పూశాను. రాహుకాలం, వర్జ్యం వేళలు అక్కడక్కడా కనబడీ కనబడనట్టున్నాయి. చవక కాగితం త్వరగా పచ్చబడుతుంది, పడనివ్వండి.

అసలు చిక్కు సాయంత్రం ట్యూబులైటు వేశాక తెలిసింది. జాడీ నీడను నేను బొగ్గుతో గీశాను కనుక అది పొద్దుటి కిటికీ వెలుగుకు తగ్గట్టు కుడి వైపునే ఉంది. గుడ్డ మడతల నీడ మాత్రం నిజమైనది కావడంతో దీపాన్ని బట్టి కిందికి తిరిగింది. ఒకే బొమ్మలో రెండు పూటలు కనిపిస్తున్నాయి. మడతల కింద కూడా బొగ్గు నీడ గీసి సరిపెట్టవచ్చు గాని, అలా చేస్తే గుడ్డను అతికించిన ప్రయోజనమే పోతుంది. దానిని అలాగే వదిలేసి, బొమ్మను ఎడమ వైపు నుంచి కిటికీ వెలుగు పడే హాలు గోడకు తగిలించాలని నిశ్చయించుకున్నాను. పొద్దుటి పూటైనా రెండు నీడలూ ఒకే వైపు పడతాయి. ఆ మేకుకు ఇప్పుడు వేలాడుతున్న గడియారం గురించి అత్తయ్యతో రేపు మాట్లాడాలి.