అమ్మ పాటకి పది వాటాలు: యూట్యూబ్ డబ్బు మా ఇంటికి వచ్చిన దారి

మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్కన చిన్న పల్లె. ఊళ్ళో డ్వాక్రా సంఘాలకి లెక్కల పుస్తకాలు రాస్తాను. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరి అప్పు ఎంత తీరింది అని చూసుకునే పని. పది రూపాయలు తేడా వచ్చినా రాత్రి నిద్ర పట్టదు. మా అమ్మ పాటలు యూట్యూబ్‌లో పెట్టాక మొదటి డబ్బు చేతికి రావడానికి ఇరవై రెండు నెలలు పట్టింది. ఈ మధ్య చుట్టుపక్కల ఊళ్ళ చెక్కభజన వాళ్ళు, కోలాటం నేర్పే పిల్లలు "అక్కా, ఎట్టా చేశావు?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను.

2022 డిసెంబరు. సోమశిల నీళ్ళు కాలువలకి వచ్చాయి, నాట్లు మొదలయ్యాయి. అమ్మది ఏడుగురి ముఠా. అమ్మ పాట ఎత్తుతుంది, మిగతా ఆరుగురూ అందుకుంటారు. పాట నడిచినంతసేపూ వంగిన నడుము ఎత్తరు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం గట్టు మీద నిలబడి ఫోన్‌లో తీయాలనిపించింది. అంతకు ముందు నెలలోనే మా పెద్దమ్మ పోయింది. అమ్మకి ఈ పాటల్లో సగం నేర్పింది ఆమే. ఆమె గొంతు మా దగ్గర ఒక్క నిమిషం కూడా లేదు.

మొదటి వీడియోలో పాట కంటే గాలి హోరే ఎక్కువ పడింది. తర్వాత 900 రూపాయలు పెట్టి కాలర్ మైక్ కొన్నాను. అమ్మ జాకెట్‌కి మైక్ పెట్టి, దాని మీద పాత బనియన్ గుడ్డ ముక్క చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. గాలి తగ్గింది. బురదలో వేళ్ళు దిగినప్పుడు వచ్చే చప్పుడు, నారు కట్ట విప్పి పోచలు విడదీస్తున్న చప్పుడు, మధ్యలో అమ్మ దమ్ము తీసుకోవడం, అన్నీ పడ్డాయి. అమెరికాలో ఉంటున్న మా ఊరి పిల్లలు ఫోన్ చేసి, పాట కంటే ముందు ఆ బురద చప్పుడు గురించే మాట్లాడారు.

వీడియోల మీద ప్రకటనలు వచ్చి అందులో మనకి వాటా రావాలంటే యూట్యూబ్ రెండు దారులు పెట్టింది. రెండింటికీ 1,000 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. దానితోపాటు గడిచిన 12 నెలల్లో జనం మన వీడియోలు 4,000 గంటలు చూసి ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి, అంటే చిన్న నిలువు వీడియోలకి, కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ నాలుగు వేల గంటల్లోకి రాదు. ఇది తెలియక నేను నాలుగు నెలలపాటు పాటల్ని ముక్కలు కోసి షార్ట్సే పెట్టాను. వ్యూస్ వచ్చాయి, గంటలు మాత్రం కదల్లేదు. ఆ తర్వాత పాట మొత్తం, ముందూ వెనకా వాళ్ళ మాటలతో సహా, పది పన్నెండు నిమిషాల వీడియోలుగా పెట్టడం మొదలుపెట్టాను.

మొదటిసారి దరఖాస్తు చేసినప్పుడు తిరస్కరించారు. రీయూజ్డ్ కంటెంట్, అంటే వేరేవాళ్ళది తెచ్చి వాడింది, అని కారణం రాశారు. చూసుకుంటే తప్పు నాదే. మొదట్లో పెట్టిన వాటిలో ఆరేడు వీడియోలకి పొలం దృశ్యాల వెనక సినిమా పాటలు వేశాను. వాటిని తీసేసి, ముప్పై రోజులు ఆగి మళ్ళీ దరఖాస్తు పెట్టాను. 2024 జనవరిలో ఒప్పుకున్నారు. ఆ రాత్రి ఇంట్లో అందరం మెలకువగానే ఉన్నాం.

అసలు కష్టం అక్కడి నుంచే మొదలైంది.

అంతకు ముందు ఏడాది వేసవిలో, పాటకి వాయిద్యాలు తోడైతే బాగుంటుందని అమ్మని, అత్తని పట్నంలో ఒక స్టూడియోకి తీసుకెళ్ళాను. వాళ్ళ దగ్గర ముందే తయారుగా ఉన్న ట్రాక్ ఒకటి వినిపించి, "ఇది మీకే మేడం" అన్నారు. 6,000 రూపాయలు కట్టాను. రసీదు అడగలేదు. సంఘంలో వంద రూపాయలకి కూడా సంతకం పెట్టించుకునే దాన్ని, అక్కడ మాత్రం కాగితం అడగకుండా వచ్చేశాను. ఆ పాటకి 2,10,000 వ్యూస్ వచ్చాయి. మా గంటల్లో ఎక్కువ భాగం దాని వల్లే నిండాయి.

ఫిబ్రవరిలో ఆ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఎవరో తెలియని ఒక సంస్థ, ఆ సంగీతం తమదని. మా పెద్దమ్మ దగ్గర అమ్మ నేర్చుకున్న పాట ఇంకొకరిది ఎలా అవుతుందని నాకు అర్థం కాలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు. మెల్లగా విషయం తెలిసింది. స్టూడియో వాళ్ళు ఆ ట్రాక్‌నే ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా అమ్మారు. వాళ్ళలో ఒకరు దాని మీద పాట పాడి, పంపిణీ సంస్థ ద్వారా కంటెంట్ ఐడీలో చేర్పించారు. కంటెంట్ ఐడీ అంటే, హక్కుదారు ఇచ్చిన ఆడియోని కొత్తగా ఎక్కే వీడియోలతోనూ, ముందే ఉన్నవాటితోనూ పోల్చి చూసే యూట్యూబ్ యంత్రం. వెనక ఒకే డోలు, ఒకే కీబోర్డు వినపడేసరికి మాది వాళ్ళదే అనుకుంది.

ఇక్కడ రెండు మాటలు వేరు చేసి తెలుసుకోవాలి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ పడితే సాధారణంగా వీడియో ఉంటుంది, డబ్బు మాత్రం అవతలివాళ్ళకి పోతుంది. స్ట్రైక్ అంటే వీడియోనే తీసేస్తారు, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు. క్లెయిమ్ మీద మనం డిస్ప్యూట్, అంటే ఇది తప్పని అభ్యంతరం, పెట్టుకోవచ్చు. జవాబివ్వడానికి అవతలివాళ్ళకి 30 రోజుల గడువు ఉంటుంది. క్లెయిమ్ పడిన ఐదు రోజుల్లోపు డిస్ప్యూట్ పెడితే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. ఐదు రోజులు దాటితే, మనం పెట్టిన రోజు నుంచి వచ్చింది మాత్రమే ఆగుతుంది. నేను తొమ్మిదో రోజున చూశాను. అందుకే చెబుతున్నాను, రోజూ ఒక్కసారైనా యూట్యూబ్ స్టూడియో యాప్ తెరిచి చూడండి.

డిస్ప్యూట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను. పాట సంప్రదాయంగా వస్తున్నది, పాడింది మా అమ్మ, ట్రాక్ డబ్బు కట్టి తీసుకున్నది అని. ఇరవై ఆరో రోజున, క్లెయిమ్ సరైనదేనని జవాబు వచ్చింది. అప్పీలు చేయొచ్చు, కానీ అప్పీలుని వాళ్ళు కాదంటే వీడియో తీసేయించి స్ట్రైక్ వేయించగలరు. నా దగ్గర రసీదు లేదు. వెనక్కి తగ్గాను.

ఆ నెలంతా కాపీరైట్ చట్టం గురించి దొరికిందల్లా చదివాను. 1957 చట్టం ప్రకారం ఒక పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగు వేరు వేరు హక్కులు. పాడినవాళ్ళకి గాయకులుగా ఇంకో హక్కు ఉంటుంది. రాసినవాళ్ళ హక్కు వాళ్ళు బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు నడుస్తుంది. ఎవరు కట్టారో తెలియకుండా తరతరాలుగా వస్తున్న నాట్ల పాట సాహిత్యం ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాన్ని మనం పాడి రికార్డు చేస్తే ఆ రికార్డింగు మాత్రం మనది. అంటే అమ్మ పాట ఎప్పుడూ పోలేదు, వెనక వేసిన అద్దె ట్రాక్ వల్లే చిక్కుకుంది.

ఇది తెలిశాక అమ్మ పాటల్లో కొన్నింటిని నేనే పక్కన పెట్టాను. 1990ల మొదట్లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు అమ్మ రాత్రి బడికి వెళ్ళేది. కళాజాత వాళ్ళు వచ్చి పాడిన పాటలు, 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగాక ఊరూరా పాడుకున్న పాటలు, అమ్మకి ఇప్పటికీ నోటికొచ్చు. ఆ పాటలు ఎత్తితే అమ్మ గొంతు వేరేగా ఉంటుంది. కానీ అవి ఎవరో ఒకరు కూర్చుని రాసినవి. రాసినవాళ్ళు, లేదంటే వాళ్ళ పిల్లలు, ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్ళ ఆచూకీ దొరికి సరేననే వరకు వాటిని పెట్టను. రికార్డు మాత్రం చేసి ఇంట్లో దాచాను.

క్లెయిమ్ పడిన పాటని మళ్ళీ మొదటి నుంచి పాడించాను. ఊళ్ళో డప్పు వాయించే మామని పిలిచాం. వేపచెట్టు కింద నిప్పు వేసి డప్పు కాచుకున్నాడు. చర్మం మీద వేలితో తట్టి వింటాడు, మళ్ళీ మంట మీద పెడతాడు, మళ్ళీ వింటాడు. అమ్మ శ్రుతి దగ్గరికి డప్పు వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. తాళాలు అత్త వేసింది. రైసు మిల్లు ఆగిన సమయం చూసి ఒక్క విడతలో తీశాం. పాత వీడియో వ్యూస్ దీనికి రాలేదు, ఇప్పటికీ అందులో నాలుగో వంతు కూడా లేవు. దీని మీద మాత్రం ఎవరూ క్లెయిమ్ వేయలేదు.

ఆ తర్వాతి పనులు కాగితాలవి, ఓపిగ్గా చేసుకుంటే అవుతాయి. యూట్యూబ్ డబ్బు చేరే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో 10 డాలర్లు చేరగానే ఇంటి అడ్రసుకి పోస్టులో ఆరంకెల పిన్ పంపుతారు. నాకు మొదటి ఉత్తరం రాలేదు. డోర్ నంబరు వేయలేదు, ఊరి పేరు, పిన్‌కోడ్ మాత్రం ఇచ్చాను. రెండోసారి నాన్న పేరు, రామాలయం వీధి, ఫోన్ నంబరు అన్నీ చేర్చి, పోస్టాఫీసులో ముందే చెప్పి ఉంచాను. అది వచ్చింది. పిన్ కొట్టడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది, నిర్లక్ష్యం చేస్తే ప్రకటనలు ఆగిపోతాయి.

అమెరికా పన్ను ఫారం డబ్ల్యూ-8 బెన్ తప్పకుండా నింపండి. అక్కడి ప్రేక్షకుల వల్ల వచ్చిన డబ్బు మీద అమెరికా పన్ను పడుతుంది. మనకి వాళ్ళతో ఉన్న ఒప్పందం ప్రకారం అది 15 శాతం. ఫారం ఇవ్వకపోతే ప్రపంచం మొత్తం మీద వచ్చిన ఆదాయంలో 24 శాతం దాకా కోయొచ్చు. పాన్ కార్డులో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి. బ్యాంకు విషయానికొస్తే, విదేశాల నుంచి డబ్బు రావడానికి కావాల్సిన స్విఫ్ట్ కోడ్ చిన్న బ్రాంచీలకి ఉండకపోవచ్చు. మా బ్రాంచిలో మేనేజరుగారు పెద్ద బ్రాంచి కోడ్ రాసిచ్చారు, దానితోనే డబ్బు వచ్చింది.

ఇక ఎంత వస్తుందంటే, మామూలు వీడియోల ప్రకటనల్లో 55 శాతం మనకి, షార్ట్స్‌కి 45 శాతం. మా తెలుగు పాటల మీద లక్ష వ్యూస్‌కి ఇరవై, పాతిక డాలర్లు పడుతున్నాయి. 100 డాలర్లు నిండితేనే పంపుతారు, అదీ నెలలో 21 నుంచి 26 తేదీల మధ్య. మాకు 2024 అక్టోబరులో నిండిన డబ్బు వచ్చింది. బ్యాంకు ఖర్చులు పోగా 8,400 రూపాయలు. దీని మీద ఇల్లు గడుస్తుందని ఎవరూ ఉద్యోగం మానుకోవద్దు. మాకు దీనికంటే ఎక్కువ, వీడియోలు చూసి కొలుపులకీ శ్రీరామనవమికీ పిలిచినవాళ్ళ దగ్గర వచ్చింది.

మధ్యలో ఒక మ్యూజిక్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. 15,000 ఇస్తాం, పాటలన్నీ రాసివ్వండి అన్నారు. కాగితం వాట్సాప్‌లో పంపారు. అందులో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంది. మన చట్టంలో హక్కులు రాసిస్తే కాగితం మీద సంతకంతోనే చెల్లుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. అందుకే వాళ్ళు ఆ రెండు మాటలూ ముందే రాసుకుంటారు. అమ్మకి చదివి వినిపించాను. "మనం పాడాలన్నా వాళ్ళనే అడగాలా పాపా?" అంది. అవునన్నాను. వద్దంది.

ఇప్పుడు మాకు పాటల కోసం విడిగా ఒక పుస్తకం ఉంది. ప్రతి పాటకీ ఒక పేజీ. ఎవరు ఎత్తారు, ఎవరు అందుకున్నారు, డప్పు ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి ఎన్ని వాటాలు. వీడియో పెట్టకముందే అందరూ సంతకాలు, వేలిముద్రలు వేస్తారు. ఎత్తేవాళ్ళకి రెండు వాటాలు, అందుకునే ఆరుగురికి ఆరు, డప్పుకి ఒకటి, ఫోన్, ఎడిటింగ్ చూసే నాకు ఒకటి. మొత్తం పది. మీరు కూడా మొదటి రూపాయి రాకముందే ఇది రాసుకోండి. వచ్చాక రాయబోతే మాటలు మారతాయి, సంఘాల్లో ఎన్నోసార్లు చూశాను.

8,400 వచ్చిన రోజు సాయంత్రం అందరూ మా వరండాలో కూర్చున్నారు. వాటాకి 840. నాట్లలో రెండు రోజుల కూలి దగ్గర దగ్గర. అత్త నోట్లు మూడుసార్లు లెక్కపెట్టుకుని, "ఇది ఎవురిస్తా ఉండారు మే?" అని అడిగింది. చెప్పాను. అమ్మకి 1,680 ఇవ్వబోతే సగమే తీసుకుంది. "ఈ పాట మా అక్కది. ఒక వాటా దాని కూతురికి రాయి" అంది. పేజీలో అమ్మ పేరు కింద పెద్దమ్మ పేరు రాసి, పక్కన అక్క పేరు వేశాను. అక్క కావలిలో ఉంటుంది. ఫోన్‌పే చేసిన పది నిమిషాలకి ఫోన్ వచ్చింది. ఏడుస్తోంది. కాసేపటికి తేరుకుని, "పిన్నీ, నువ్వు మూడో చరణం వదిలేశావే" అని, వాళ్ళమ్మ పాడినట్టే ఎత్తింది. అమ్మ ఆ చరణం ముప్పై ఏళ్ళ నుంచీ మరిచిపోయి ఉందట. నేను స్పీకరు ఆన్ చేసి, లోపలికెళ్ళి మైక్ తెచ్చాను.