పుస్తకం మూసినాంక
సంధులు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది గానీ మా తొమ్మిదో తరగతి పిల్లోళ్ళు వారం తిరిగేలోగా మళ్ళా మొదటికే వచ్చేవాళ్ళు. మొన్నామధ్య ట్రైనింగ్‌లో విన్నా, 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు చేసిన పరిశోధన గురించి, పాఠం మళ్ళీ మళ్ళీ చదివినోళ్ళు ఐదు నిమిషాలకే టెస్ట్ పెడితే బాగా రాసినారంట, వారం తర్వాత పెడితే మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినోళ్ళదే పైచేయి అయ్యిందంట. సరే చూద్దామని రోజూ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి నిన్నటిది, పోయిన వారానిది కలిపి అడగడం మొదలుపెట్టినా, మార్కుల్లేవు, తిట్లు లేవు, సరే తిట్లు కొంచెం ఉన్నాయిలే. బోర్డు మీద దేవాలయం అనే మాట పక్కనే సూర్యోదయం, మహేంద్రుడు రాసి ఏది సవర్ణదీర్ఘం ఏది గుణం అంటే మొదటి వారం అందరూ గమ్మున నా మొగం చూస్తా కూర్చున్నారు, ఒకడైతే "సార్, ఇది మీరు చెప్పల్యా" అనేసినాడు, చెప్పింది ముందురోజే!! ఇది మనతో అయ్యే పని కాదులే అనుకున్నా.

నిన్న సాయంత్రం అనంతపురం క్లాక్ టవర్ కాడ టీ తాగుతుంటే వాడే వాళ్ళ నాయనతో కనపడి, ఎదురుగా బోర్డు చూపించి "సార్, విద్యాలయం సవర్ణదీర్ఘమే కదా" అన్నాడు. వాళ్ళ నాయనకి ఏమీ అర్థం కాల్యా, నేను మాత్రం ఇంకో టీ చెప్పినా.