కువైట్ అనుభవానికి కడపలో విలువెంత?

కడపలో ఉద్యోగం వెతుకుతుంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న "పీఎఫ్ నంబర్ ఉందా?" అన్నదే. కువైట్‌లో పనిచేసినవాడికి ఇక్కడి పీఎఫ్ ఎక్కడినుంచి వస్తుంది? అక్కడ ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఒకేసారి కొంత డబ్బు ఇస్తారు, అంతే. ఇక్కడి హెచ్‌ఆర్ వాళ్లకు మాత్రం ఆ ఏళ్లన్నీ ఖాళీగా కనిపిస్తాయి. ఇది నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది.

నేను ఏసీ టెక్నీషియన్‌ని. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి దేశంలో పెద్ద భవనాల చిల్లర్లు, అంటే భవనమంతా చల్లబరిచే పెద్ద యంత్రాలు, ఆగకుండా చూసుకున్నవాళ్లం మేము. ఇక్కడ ఒక సర్వీస్ సెంటర్‌లో "స్ప్లిట్ ఏసీ పని వచ్చా?" అని అడిగారు. గేజ్ పెట్టి గ్యాస్ ప్రెషర్ చూసి, లీకు ఎక్కడుందో పట్టుకున్నాకే నమ్మారు. తర్వాత జీతం మాట వచ్చింది. దినార్లను రూపాయల్లో చెప్పగానే, వీడు మళ్లీ విమానం ఎక్కేస్తాడని యజమానికి టెన్షన్. "అమ్మకు ఆరోగ్యం బాగాలేదు సార్, ఇక వెళ్లను" అని చెప్పాల్సి వచ్చింది.

రాజంపేట, రాయచోటి వైపు నుంచి వెళ్లిన తమ్ముళ్లూ, తిరిగొచ్చే ముందే అనుభవ పత్రం ఇంగ్లీషులో తీసుకోండి. హోదా, తేదీలు, కంపెనీ స్టాంపు ఉండాలి. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. ఐటీఐ చదవనివాళ్లకు, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి ఉంది, కనుక్కోండి. డ్రైవర్లయితే మన లైసెన్స్ గడువు చూసుకోండి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలి.