ఉద్యమానికి ఎర్రజెండా, ఓటుకి ఇంకో జెండా

విశాఖలో ఎవరికి జీతం ఆగినా, ఎవరిని పనిలోంచి తీసేసినా ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తుతారో ఊరందరికీ తెలుసు. అంగన్‌వాడీ అక్కలు కావచ్చు, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పారిశుధ్య కార్మికులు కావచ్చు, స్టీల్‌ప్లాంట్ కాంట్రాక్టు కార్మికులు కావచ్చు, సీపీఎం కార్మిక సంఘం సీఐటీయూ ఆఫీసుకో, సీపీఐ సంఘం ఏఐటీయూసీ ఆఫీసుకో వెళ్తారు. వాళ్ళు కాదనరు, టెంట్ వేస్తారు, అరెస్టయితే స్టేషన్‌కి కూడా వస్తారు. తీరా పోలింగ్ రోజు వచ్చేసరికి ఆ టెంట్‌లో కూర్చున్న మనుషులే సైకిల్‌కో ఫ్యాన్‌కో గాజుగ్లాసుకో ఓటేసి వస్తారు. 2014, 2019, 2024, వరసగా మూడు అసెంబ్లీ ఎన్నికల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో సీపీఐ, సీపీఎం రెండూ కలిపి ఒక్క సీటు గెలవలేదు. వామపక్షాలు గెలవాలని కోరుకునేవాణ్ణి కాబట్టి ఇది నాకు బాధగానే ఉంటుంది, కోపంగా కూడా ఉంటుంది. ఎందుకు ఓడిపోతున్నారో నాకు అర్థమైనంతలో రాస్తున్నాను.

పార్టీ వాళ్ళని అడిగితే చెప్పే జవాబు ఒకటే: డబ్బు లేదు, కులం లేదు, చానెల్ లేదు. అబద్ధమేం కాదు. గాజువాక లాంటి చోట ఒక అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు ఏ స్థాయిలో ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ అదొక్కటే కారణమైతే ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటు సంగతేంటి? అక్కడ 2011లో వామపక్షాలు బలపరిచిన పీడీఎఫ్ తరఫున ఎం.వి.ఎస్. శర్మ గెలిచారు. 2017లో అదే సీటు బీజేపీకి వెళ్ళింది, పి.వి.ఎన్. మాధవ్ చేతిలో పీడీఎఫ్ అభ్యర్థి అజశర్మ ఓడిపోయారు. 2023లో టీడీపీ నుంచి వేపాడ చిరంజీవిరావు గెలిచారు. అది ప్రాధాన్యత ఓటు. మొదటి ఓటు ఎర్రజెండాకి వేసి రెండోది మీకిష్టమైన పెద్ద పార్టీకి వేసుకోవచ్చు, "ఓటు వేస్ట్ అవుద్ది" అన్న భయానికి అక్కడ చోటే లేదు. చదువుకున్నవాళ్ళు, నిరుద్యోగులు, ఉద్యోగులు ఉన్న ఆ ఓటర్ల జాబితాలో కూడా పట్టు జారిపోయిందంటే డబ్బు, కులం కాకుండా ఇంకేదో ఉంది.

స్టీల్‌ప్లాంట్ దగ్గరికే వస్తాను, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని లేచిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. కమ్యూనిస్టు ఎమ్మెల్యేలు పదవులు వదిలేసి బయటికొచ్చారు. 1967లో విశాఖ ఎంపీ సీటు గెలిచింది మాత్రం ఇండిపెండెంట్‌గా నిలబడ్డ తెన్నేటి విశ్వనాథం గారు. ఆయన ఉద్యమ నాయకుడే, గెలవాల్సిన మనిషే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ రోజుల నుంచీ ఇక్కడ అలవాటు ఇదే, పోరాటంలో ఎర్రజెండా ముందుంటుంది, ఓటు ఇంకొకరి పెట్టెలో పడుతుంది.

2021 జనవరి 27న ప్లాంట్‌లో కేంద్రం వాటా నూటికి నూరు శాతం అమ్మేయాలని ఢిల్లీలో సూత్రప్రాయంగా నిర్ణయించారు. ఆ వార్త బయటికొచ్చాక ఊరంతా రగిలిపోయింది, కూర్మన్నపాలెంలో నిరసన శిబిరం మొదలైంది. ఆ వేడిలోనే, మార్చి 10న, జీవీఎంసీ ఎన్నికలు జరిగాయి. మొత్తం 98 వార్డుల్లో వైసీపీకి 58, టీడీపీకి 30. సీపీఎంకి ఒకటి, సీపీఐకి ఒకటి! ఉద్యమం అంత ఉధృతంగా ఉన్న నెలలో కూడా రెండే వార్డులు. ఇక 2024లో గాజువాక సీటును టీడీపీ నుంచి పల్లా శ్రీనివాసరావు 95,235 ఓట్ల మెజారిటీతో గెలిచారు, రాష్ట్రంలోనే అతిపెద్ద మెజారిటీ అది. కాంగ్రెస్ మద్దతుతో పోటీ చేసిన సీపీఎం అభ్యర్థి మరడాన జగ్గునాయుడుకి డిపాజిట్ కూడా దక్కలేదు. అమ్మేస్తామన్న బీజేపీతో పొత్తులో ఉన్న పార్టీకి, ప్లాంట్ పక్కనే, రాష్ట్రంలో అతిపెద్ద మెజారిటీ. జనానికి మతిమరుపు అని తేల్చేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను.

పల్లా 2021 ఫిబ్రవరిలో ప్లాంట్ కోసం ఆమరణ దీక్షకు కూర్చున్నారు, జనం అది గుర్తుపెట్టుకున్నారు. దానికితోడు ఓటరు లెక్క ఒకటుంది. అమ్మేదీ ఆపేదీ రెండూ ఢిల్లీయే, ఢిల్లీలో మాట చెల్లే పార్టీ మనిషి మనకి కావాలి, శిబిరంలో కూర్చునేవాళ్ళు ఎలాగూ కూర్చుంటారు. ఇదీ ఆ లెక్క. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించగానే "చూశావా, మనం వేసిన ఓటే పనిచేసింది" అన్నవాళ్ళని నేను చాలామందిని విన్నాను. ఆ తర్వాత కూడా కాంట్రాక్టు కార్మికులను తీసేయడం ఆగలేదు, వాళ్ళు మళ్ళీ ఎర్రజెండా దగ్గరికే వచ్చారు. అంటే వామపక్షం ఓడిపోయినా తమ పని జరుగుతుందని జనానికి గట్టి నమ్మకం. ఓటు వేసినా వేయకపోయినా వీళ్ళు మన కోసం వస్తారు, కాబట్టి ఓటు ఇంకెవరికైనా వేసుకోవచ్చు. నా దృష్టిలో ఈ పార్టీల ఓటమికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. వీళ్ళ నిజాయితీ మీద జనానికి ఉన్న నమ్మకమే వీళ్ళకి ఓటు రాకుండా చేస్తోంది, ఆ పరిస్థితిని మార్చడానికి వీళ్ళు ఏమీ చేయడం లేదు.

యూనియన్ ఎన్నికలు చూడండి. ప్లాంట్‌లో గుర్తింపు సంఘానికి రహస్య ఓటింగ్ జరుగుతుంది, అక్కడ ఎర్రజెండా సంఘాలు గెలుస్తూ వచ్చాయి. అదే కార్మికుడు, అదే రహస్య ఓటు. యూనియన్‌కి ఓటేసేటప్పుడు వీళ్ళు గెలిస్తే వేతన ఒప్పందంలో ఏం అడుగుతారో అతనికి తెలుసు. అసెంబ్లీకి ఓటేసేటప్పుడు వీళ్ళు గెలిస్తే ఏం చేస్తారో తెలియదు, ఎవరూ చెప్పలేదు కూడా. కరపత్రం మొదటి పేజీ అమెరికాతో మొదలై, మోదీ మీదుగా, గాజువాక మంచినీళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోతుంది.

2023 డిసెంబర్‌లో అంగన్‌వాడీల సమ్మె మొదలైంది, 42 రోజులు. ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం పెట్టింది, అయినా వాళ్ళు రోడ్డు మీదే ఉన్నారు, నాయకత్వంలో ముందున్నది సీఐటీయూ. రాష్ట్రంలో అంగన్‌వాడీ లేని ఊరు లేదు, ఒక్కో అక్కకి ఎన్ని ఇళ్ళు తెలుసో ఆలోచించండి, ఏ పార్టీకైనా అంతకంటే మంచి బలగం దొరుకుతుందా! నాలుగు నెలలు తిరక్కుండానే ఎన్నికలొస్తే ఆ కోపమంతా టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి ఓటుగా మారింది. చెత్త పన్ను సంగతీ అంతే. విశాఖలో ఇంటింటికీ తిరిగి దాని మీద పోరాడింది ఎర్రజెండా వాళ్ళు, రద్దు చేసిన పేరు వచ్చింది 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వానికి.

మన్యంలో కూడా ఇదే వరస. బాక్సైట్ తవ్వకాల మీద ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగింది ఎర్రజెండా. అరకు, పాడేరు అసెంబ్లీ సీట్లు 2014 నుంచి మూడుసార్లూ వైసీపీవే. అయితే అక్కడ ఒక తేడా ఉంది. 2024లో అరకు ఎంపీ సీటుకి పోటీ చేసిన సీపీఎం అభ్యర్థి పాచిపెంట అప్పలనరస మూడో స్థానంలో నిలిచినా లక్షకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. విశాఖ నగరంలో ఊహించలేని సంఖ్య అది. ఆయన ఆ కొండల్లో ఎన్నికలున్నా లేకపోయినా తిరిగే మనిషి, ఓటరుకి ముఖం తెలుసు.

ఇక పొత్తులు. దీని గురించి మాట్లాడితే పార్టీ మిత్రులకు కోపం వస్తుంది, అయినా చెప్పాలి. 1994లో ఉమ్మడి రాష్ట్రంలో టీడీపీతో కలిసి సీపీఐ 19, సీపీఎం 15 గెలిచాయి. 1999లో విడిగా నిలబడితే సీపీఐకి సున్నా, సీపీఎంకి రెండు. 2004లో కాంగ్రెస్‌తో కలిస్తే రెండు పార్టీలకీ కలిపి 15. 2009లో మళ్ళీ టీడీపీతో, అయిదు. 2014లో మిగిలిన రెండూ తెలంగాణ వైపువే. 2019లో జనసేనతో వెళ్ళారు, 2020 జనవరికల్లా జనసేన బీజేపీతో చేయి కలిపేసింది. 2024లో కాంగ్రెస్‌తో. ప్రతిసారీ దానికో సిద్ధాంత వివరణ ఉంటుంది, అది నేను చదువుతాను, నాలాంటి నలుగురు చదువుతారు. మల్కాపురంలో ఆటో నడిపే మనిషికి కనపడేది మాత్రం అయిదేళ్ళకోసారి మారే జెండా పక్కన నిలబడ్డ ఎర్రజెండా. 2019లో గాజువాకలో ఏం జరిగింది? అక్కడ పవన్ కల్యాణ్ పోటీ చేశారు, పొత్తు కాబట్టి సొంత అభ్యర్థి లేడు. రాష్ట్రంలో కార్మికులు అంత ఎక్కువగా ఉన్న సీటులో, వీళ్ళ యూనియన్లు అంత బలంగా ఉన్న సీటులో, ఇంకొకరి గుర్తుకి ఓటేయమని వీళ్ళే చెప్పారు. ఆయన 16,753 ఓట్ల తేడాతో ఓడిపోయారు, అది వేరే సంగతి. వేరే గుర్తుకి వేయడం మీరే నేర్పించాక 2024లో వచ్చి సుత్తి కొడవలికి వేయండంటే ఎవరు వేస్తారు?

1964లో చీలిన రెండు పార్టీలు ఇప్పటికీ రెండుగానే ఉండటం ఇంకో విషాదం. దాని గురించి ఎక్కువ రాయను, రాస్తే కోపం తప్ప ఏం మిగలదు.

వీళ్ళ చేతిలో లేనిది కూడా ఒకటుంది, న్యాయంగా అది చెప్పాలి. జీవీఎంసీ పాలకవర్గం గడువు 2012లో ముగిశాక 2021 దాకా ఎన్నికలే పెట్టలేదు. చిన్న పార్టీ ఎదిగేది వార్డుల్లోనే. ఎమ్మెల్యే ఎన్నికకు కోట్లు కావాలి, వార్డుకి కాళ్ళు అరిగేలా తిరిగే మనిషి ఉంటే చాలావరకు సరిపోతుంది. తొమ్మిదేళ్ళు ఆ తలుపు మూసేశారంటే ఒక తరం కార్యకర్తలకు పోటీ చేసే అవకాశమే పోయింది. 2021లో గెలిచిన ఆ ఇద్దరినీ చూడండి, సీపీఎం బి. గంగారావు, సీపీఐ స్టాలిన్. కౌన్సిల్‌లో 98 మందిలో ఇద్దరే అయినా ఆస్తి పన్ను మీద, చెత్త పన్ను మీద, స్టీల్‌ప్లాంట్ మీద వీళ్ళ గొంతు వినపడింది. గెలిస్తే ఏం చేస్తారన్న ప్రశ్నకి వామపక్షం దగ్గర ఉన్న మంచి జవాబు ఆ ఇద్దరి పనే. మరి దాన్ని మిగతా వార్డుల్లో ఎవరు చెప్పారు? వాళ్ళు కౌన్సిల్‌లో ఏం సాధించారో ఒక్క పేజీ కాగితం మా వీధికి రాలేదు. ధర్నా కరపత్రాలు మాత్రం వారం వారం వస్తాయి.

తర్వాతి జీవీఎంసీ ఎన్నికలకు నేను కోరుకునేది పెద్దదేమీ కాదు. తొంభై వార్డుల్లో నామినేషన్లు వేయొద్దు, పదిహేను ఎంచుకోండి. గాజువాక, పెదగంట్యాడ, మల్కాపురం, సింధియా వైపు. రెండు పార్టీలూ కూర్చుని పంచుకోండి, అభ్యర్థి పేరు నోటిఫికేషన్ రోజున కాకుండా ఇప్పుడే చెప్పండి, ఆ మనిషి రోజూ ఆ వార్డులోనే కనపడాలి. సమ్మె టెంట్‌లో మైకు పట్టుకున్నప్పుడు చివర్లో "మాకు ఓటేయండి" అని మొహమాటం లేకుండా అడగండి. ఎన్నో టెంట్‌ల ముందు నిలబడి మీ ఉపన్యాసాలు విన్నాను, ఆ ఒక్క మాట మీలో ఎవరి నోటా నేను వినలేదు.