బెల్‌బాటమ్ నుంచి దంపుడు బియ్యం దాకా

1970ల మొదట్లో మన బెజవాడ ఎస్సారార్ కాలేజీలో చదివి, ఇప్పుడు పాత విద్యార్థుల కలయికకి వస్తున్నవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, జుట్టు చొక్కా కాలర్ మీద పడితే చాలు ఇంట్లోవాళ్ళ లెక్కలో మనం హిప్పీలం. 1967లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో అసలు హిప్పీ కుర్రాళ్ళు ఏం చేశారో మాకు తెలిసింది తక్కువే. వియత్నాం యుద్ధం వద్దన్నారని, తండ్రుల్లా ఉద్యోగం, కారు, ఇల్లు అనుకుంటూ బతకం పొమ్మన్నారని, కొందరు పల్లెలకి పోయి అందరూ కలిసి బతికే కమ్యూన్లు పెట్టుకున్నారని విన్నాం, అంతే. మాకు అసలు నిప్పంటించింది ఇక్కడివాళ్ళు. తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవుల రెండో సంపుటిని 1966లో మన బెజవాడలోనే ఒక హోటల్ కార్మికుడి చేత ఆవిష్కరింపజేసిన సంగతి సీనియర్లు కథలుకథలుగా చెప్పేవారు. పటమటలో గోరాగారి నాస్తిక కేంద్రం ఉండనే ఉంది. మంత్రులు ఆడంబరాలు మానాలని 1961-62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీ దాకా నడిచిన మనిషి ఆయన. పూలమొక్కలెందుకయ్యా, కూరగాయలు పెంచండి అనేవారు. ఆ వయసులో మాకది జోకు.

తర్వాత జై ఆంధ్ర ఉద్యమం, కాలేజీల మూత, బ్యాంకు ఉద్యోగం, క్రాఫు. అందరి కథా అదే కదా.

రిటైరయ్యాక మేడ మీద కుండీలు పెట్టాను. వంగ, బెండ, గోంగూర, పిట్టగోడ మీదకి బచ్చలి తీగ. పురుగుమందు కొట్టకూడదని పట్టుదల. ఎరువు బదులు పోసే జీవామృతం ఎకరానికైతే 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి అంటారు, నా కుండీలకి అందులో పదో వంతు కూడా ఎక్కువే. నీడలో డ్రమ్ము పెట్టి, గోనెపట్టా కప్పి, పొద్దునా సాయంత్రం కర్రతో కలుపుతుంటే రెండో రోజుకి పైన నురగ లేచి ఒక పులిసిన వాసన వస్తుంది, నాకైతే బాగానే ఉంటుంది. కింద వాటాలో ఆవిడ మాత్రం "అన్నయ్యగారూ, మేడ మీద ఏమన్నా చచ్చిందా?" అని మెట్ల దగ్గరే అడిగింది. వంకాయలు పంపాక వాసన గొడవ మళ్ళీ ఎత్తలేదు.

ఇంట్లో దంపుడు బియ్యం. ముందే నానబెట్టాలి, నీళ్ళు ఎక్కువ పోయాలి, నమలాలి. "ఇది అన్నమా, వ్యాయామమా" అంటుంది మా ఆవిడ, అంటూనే తింటుంది.

అయితే ఒకటి చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. ఆ రోజుల్లో మనం నేర్చుకుంది జుట్టు పెంచడం కాదు, ఎవడు చెప్పినా ఎందుకూ అని అడగడం. ఇప్పుడు సహజ జీవనం పేరుతో కొత్త గురువులు బయల్దేరారు, ఈ కషాయం తాగితే షుగర్ పోతుంది, మాత్రలు మానెయ్యండి అని వాట్సాప్‌లో తోస్తుంటే ఒకప్పుడు ప్రిన్సిపాల్‌నే నిలదీసిన మనవాళ్ళు చేతులు కట్టుకుని వింటున్నారు! నేను కొర్రన్నమూ తింటాను, బీపీ మాత్రా వేసుకుంటాను. రెంటికీ తగాదా ఏముంది?

కలయిక కమిటీవారికి ఒక మనవి: ఈసారైనా ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు మానిపించండి. కుండలూ గ్లాసులూ నేను తెప్పిస్తాను, కడిగే మనిషి కూలి నాది. బచ్చలి కొమ్మలు కావాల్సినవాళ్ళు ముందుగా చెబితే తడి గుడ్డలో చుట్టి తెస్తాను.